గోంగూరకి ఎన్ని దేశాలు?

అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలున్న ఊరైతే చాలు, అక్కడి ఇండియన్ స్టోరుకి గోంగూర ఏ రోజు వస్తుందో అందరికీ తెలిసే ఉంటుంది. వచ్చిన పూటే కట్టలన్నీ అయిపోతాయి. ఆలస్యంగా వెళ్లినవాళ్లకి ప్లాస్టిక్ సంచిలో చెమర్చి, అంచులు నల్లబడ్డ కట్ట ఒకటో రెండో మిగులుతాయి. వాటినీ వదిలిపెట్టరు. పక్క అరలోనే పాలకూర నిగనిగలాడుతూ ఉంటుంది, కేల్ ఉంటుంది. అయినా చెయ్యి ఆ వాడిపోయిన కట్ట మీదికే పోతుంది.

ఎందుకు పోతుందన్నది మెదడుకు సంబంధించిన ప్రశ్న. గోంగూర రాని ఊళ్లో ఎక్కడ వెతకాలి, దొరికినా పచ్చడికి మన ఊరి రుచి ఎందుకు రాదు అన్నవి వృక్షశాస్త్రానికీ రసాయనశాస్త్రానికీ సంబంధించినవి. ముందు వీటినే చూద్దాం. వీటికి జవాబు తెలిస్తే కనీసం పచ్చడైనా దక్కుతుంది.

గోంగూర అన్నా, తెలంగాణలో పుంటికూర అన్నా ఒకే మొక్క కాదు. ఆ పేర్లతో మనం తినేవి రెండు జాతులు. ఒకటి హైబిస్కస్ కెన్నాబినస్. మన గోగు ఇదే. కాండం మీది బెరడు నుంచి నార వస్తుంది. ప్రపంచ మార్కెట్లో కెనాఫ్ అంటారు. రెండోది హైబిస్కస్ సబ్దరిఫా, అంటే రోజెల్. దీని పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ ఉండే రక్షక పత్రాలు ఎర్రగా కండపట్టి పుల్లగా ఉంటాయి. రెండూ మందారం, బెండ, పత్తి ఉన్న కుటుంబంలోవే. మొదటిదానికి కణానికి 36 క్రోమోజోములు, రెండోదానికి 72. బజారులో మనం చెప్పుకునే ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర, కొండ గోంగూర అన్న తేడాలు ఈ జాతుల తేడాతో సరిగ్గా కలవవు. కాడ రంగు రెండు జాతుల్లోనూ మారుతుంది. మా వైపుదే అసలు గోంగూర అని పంతం పట్టే ఇద్దరు పెద్దమనుషులు నిజానికి రెండు వేర్వేరు మొక్కల గురించి మాట్లాడుకుంటూ ఉండొచ్చు. ఆ రెండూ మనవి కావు కూడా. వీటి పుట్టిల్లు ఆఫ్రికా అన్నది వృక్షశాస్త్రజ్ఞుల మాట.

ఆకులో ఏముందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, మూకుడు చాలు. కడిగి గుడ్డ మీద ఆరబెట్టిన ఆకుని కాగిన నూనెలో వెయ్యండి. పాలకూరైతే వేడి తగిలాక కాసేపు ఇంకా పచ్చగా కనిపిస్తుంది. గోంగూర అలా కాదు. చూస్తుండగానే పచ్చదనం పోయి మట్టి రంగు కలిసిన ముదురు పచ్చలోకి దిగుతుంది. ఇంకాస్త ఆగితే ఆకు ఆకారమే ఉండదు, గరిటె తిప్పకుండానే ముద్దయిపోతుంది.

రంగు మారడానికి కారణం ఇది. పత్రహరితం అణువు నడిమధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఆకుపచ్చ దాని పుణ్యమే. ఆమ్లం తగిలితే హైడ్రోజన్ అయాన్లు ఆ మెగ్నీషియాన్ని బయటికి నెట్టి దాని చోట్లో చేరతాయి. అప్పుడు మిగిలే పదార్థం ఫియోఫైటిన్, దాని రంగు ఆ మట్టిపచ్చ. పచ్చి ఆకులో కూడా మాలిక్, సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఉన్నాయి గాని, అవి కణంలో రిక్తిక అనే అరలో విడిగా బందీగా ఉంటాయి. వేడికి ఆ అర గోడ పగలగానే అంతా కలిసిపోతుంది. గోంగూర తన పులుపులో తానే ఉడుకుతుంది. బయటినుంచి చింతపండు పిండక్కర్లేని కూరల్లో ఇదొకటి.

బెండకాయకి చుట్టం కాబట్టి దీంట్లో జిగురు కూడా ఉంది. పచ్చడి నూనెలో తేలిపోకుండా నున్నగా ఉండి అన్నానికి పట్టేది ఆ జిగురు వల్లే. పాలకూరలో చింతపండు కలిపి గోంగూర అనిపించాలని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పచ్చడి ఎప్పుడూ తేలిపోతుంది. చింతపండులో ఉండేది ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం, దాని పులుపు తీరు వేరు. పాలకూరకి ఆ జిగురూ లేదు. అది బాగోదని అనను, కాని దానికి వేరే పేరు పెట్టుకోవడం న్యాయం.

యూరప్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. అక్కడి తోటల్లో సారెల్ అనే పుల్లటి ఆకు పెంచుతారు. ఫ్రాన్సులో సాసుల్లో వేస్తారు, ఉక్రెయిన్, పోలండ్, రష్యాల్లో దాంతో ఆకుపచ్చ సూపు కాస్తారు. తూర్పు యూరప్ దుకాణాల్లో సీసాల్లో కూడా అమ్ముతారు. అది గోంగూరకి ఏమీ కాదు, మన చుక్కకూరకి మాత్రం దగ్గరి చుట్టం. రెండూ రూమెక్స్ ప్రజాతిలోవి. దాంతో గోంగూర పచ్చడి చెయ్యబోయి నిరాశపడే బదులు చుక్కకూర పప్పు వండుకుంటే, తిన్నవాళ్లు తేడా చెప్పడం కష్టం.

*

గోగుకి వ్యాపారంలో మన ఊరి పేరే ఉంది. నార వ్యాపారులు దీన్ని 'బిమ్లీ జూట్' అనేవారు. బిమ్లీ అంటే విశాఖ పక్కనున్న భీమునిపట్నం, మన భీమిలి. ఉత్తరాంధ్ర గోగునార ఆ రేవు నుంచి ఓడలెక్కేది. భీమిలి దగ్గర చిట్టివలసలో, విజయనగరం దగ్గర నెల్లిమర్లలో జూట్ మిల్లులు నడిచాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీదే పనిచేసి కొత్త వంగడాలు ఇచ్చింది. అక్కడి రైతుకి లేత ఆకు కూరకి, ముదిరిన కాండం రొక్కానికి. కోసిన కట్టల్ని చెరువులో ముంచి, బెరడు కుళ్లాక ఒలిచి నార తీస్తారు. ఊరుతున్న గోగు కట్టల కంపు ఎంత దూరం కొడుతుందో ఆ వైపు వాళ్లని అడగాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆసియా నుంచి జనపనార రాక చిక్కుల్లో పడింది. గోనెసంచులకీ తాళ్లకీ వేరే దారి వెతుక్కుంటూ అమెరికా వ్యవసాయ శాఖ గోగు మీద పరిశోధన మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక, కలప లేకుండా కాగితం చెయ్యడానికి ఏ మొక్క పనికొస్తుందోనని వందల జాతుల్ని పరీక్షించి, చివరికి మెచ్చుకున్నదీ దీన్నే. ఊరూరా ఇండియన్ స్టోర్లు వెలవడానికి ఎన్నో ఏళ్ల ముందే అమెరికా పొలాల్లో గోంగూర ఏపుగా పెరిగిందన్నమాట. ఆ ఆకుని ఎండుమిరపకాయలతో కలిపి నూరచ్చన్న ఆలోచన మాత్రం అక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఒక చిన్న హెచ్చరిక. గోగులో కొన్ని రకాల ఆకు అయిదారు వేళ్లు చాపినట్టు చీలి ఉంటుంది, అచ్చం గంజాయి ఆకులాగే. పరాయి దేశంలో పెరటి నిండా దీన్ని పెంచేవాళ్లు పక్కింటివాళ్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచుకోవడం మంచిది. ఒక కట్ట ఇచ్చి చెప్తే ఇంకా మంచిది.

పెంచడంలో అసలు తిరకాసు వేరే ఉంది. గోంగూర రెండు జాతులూ పగటి పొడుగుని లెక్కపెట్టుకునే మొక్కలు. పగలు సుమారు పన్నెండున్నర గంటల కన్నా తగ్గితేనే పూత మీదికి వస్తాయి. నిజానికి మొక్క కొలిచేది రాత్రినే. చీకటి తగినంత పొడుగు ఉందో లేదో ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం సాయంతో తెలుసుకుంటుంది. భీమిలిలో సంవత్సరం మొత్తానికి అతి పొడుగైన పగలు పదమూడుంబావు గంటలు. అక్కడ వానాకాలం పంట సమయానికి పూస్తుంది, గింజ పడుతుంది. అదే మొక్కని అమెరికా ఉత్తరాన మినియాపొలిస్‌లో వేస్తే జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు దాటుతుంది. వేసవి అంతా మొక్కకి పూత ఊసే ఉండదు, ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. కూరకోసం పెంచేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? సెప్టెంబరు నడిమికి పగలు తగ్గి, మొక్క మేలుకుని మొగ్గ తొడిగేలోపు అక్టోబరు వస్తుంది. మొదటి మంచు పడిన రాత్రికి మొక్క నల్లగా మాడిపోతుంది. గింజ ముదరదు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఏటేటా కొత్త గింజలు కొనుక్కోక తప్పని కారణం ఇది. దక్షిణాన టెక్సాస్‌లో, ఫ్లోరిడాలో మంచు ఆలస్యంగా పడుతుంది కాబట్టి అక్కడివాళ్లు సొంత గింజ కట్టుకోగలుగుతున్నారు. అమెరికాలో గోగు గింజల సాగు కూడా దక్షిణ టెక్సాస్ వంటి చోట్లకే పరిమితమైంది.

చలి దేశంలో పెంచదలచినవాళ్లు నేల వెచ్చబడ్డాకే విత్తనం వెయ్యాలి. మినియాపొలిస్‌లో అయితే మే నెలాఖరు. తొందరపడి ఏప్రిల్‌లో వేస్తే గింజ మట్టిలోనే కుళ్లిపోతుంది. చిగురు తుంచుతూ ఉంటే పక్కకొమ్మలు వేస్తుంది. కుండీ అయినా పరవాలేదు గాని, ఎండ మాత్రం రోజంతా తగలాలి.

పెరడు లేనివాళ్ల సంగతి? వాళ్లు ఇండియన్ అన్న బోర్డు చూడడం మానేసి మొక్కని వెతకడం మొదలుపెట్టాలి. నా దృష్టిలో ఈ అధ్యాయం మొత్తానికి పనికొచ్చే మాట ఇదొక్కటే. ఆఫ్రికాలో పుట్టిన ఆకు మన ఒక్క ఇంటికే వచ్చి ఆగిపోలేదు. పడమటి ఆఫ్రికా నుంచి ఫిలిప్పీన్స్ దాకా కూరగా వండుతారు. సెనెగల్ వాళ్లు రోజెల్ కాయ తొడుగులతో బిస్సాప్ అనే ఎర్రటి పానీయం చేస్తారు, ఆకుతో పుల్లటి గుజ్జు చేసి అన్నంలోకి తింటారు. ఫిలిప్పీన్స్‌లో విసాయాస్ దీవుల వాళ్లు లబోగ్ అని కోడికూరలో వేస్తారు. మన గోంగూర చికెన్‌కి అంతకన్నా దగ్గరి వంట ఆ సముద్రాల్లో ఇంకోటి ఉండదు. మెక్సికో, జమైకా వాళ్లు కాయ తొడుగుల మీదే మోజు పడ్డారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్లు ఆ తొడుగులతో రోజెల్లా జామ్ చేస్తారు. అక్కడ మొక్క పెంచేవాళ్లని ఆకులు అడిగితే కాదనరు.

వీళ్లందరికన్నా మనకి దగ్గరివాళ్లు బర్మావాళ్లు. వాళ్లు రోజెల్ ఆకుని చిన్‌బౌంగ్ అంటారు. అది వాళ్లకి పండగ వంట కాదు, రోజువారీ కూర. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వెదురు చిగుళ్లు, ఎండురొయ్యలు వేసి వేయిస్తారు. వెదురు చిగుళ్లు తీసేస్తే ఇది గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనైనా ఉడికే గోంగూర రొయ్యలే. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ ఒకప్పుడు మన కోస్తావాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య చెలరేగిన అల్లర్లు చరిత్రకెక్కాయి. కొట్టుకున్న ఆ రెండు పక్షాలవాళ్లూ రాత్రి ఇంటికెళ్లి తిన్నది ఒకే ఆకు అయి ఉండొచ్చు. వంట ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది అనవసరం. ఆకు ఒకటే, దానికి రొయ్య కుదురుతుందని రెండు తీరాలవాళ్లూ కనిపెట్టారు.

ఇప్పుడు బర్మా నుంచి వచ్చిన కరెన్, చిన్ శరణార్థులు అమెరికాలో ఇండియానాపొలిస్, ఫోర్ట్‌వేన్, సెయింట్‌పాల్ లాంటి ఊళ్లలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. సామూహిక తోటల్లో చిన్‌బౌంగ్ పెంచుతారు, వాళ్ల దుకాణాల్లో అది తాజాగానో గడ్డకట్టించిన పొట్లాల్లోనో ఉంటుంది. పొట్లం మీద పుల్లాకు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంటుంది. గడ్డకట్టించిందైనా పచ్చడికి లోపమేమీ రాదు. ఎలాగూ ఆకు ముద్దయ్యేదే కదా. ఇండియాలోనే ఉండి ఊరికి దూరమైనవాళ్లకీ ఇదే దారి. పుణెలో అంబాడి అని అడగండి, ధార్వాడ్‌లో పుండి, చెన్నైలో పుళిచ్చకీరై, గువాహటిలో టెంగామోరా.

*

ఆకు దొరికినంత మాత్రాన పళ్లెంలోకి ఊరు రాదు. గోంగూర పచ్చడన్నంలో నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ కావాలి, అది ఘాటుగా ఉండాలి. అమెరికాలో సూపర్ మార్కెట్‌కి వెళ్లి కంటికి నదురుగా ఉన్న పెద్ద ఉల్లిపాయ తెచ్చుకుంటే అది ఆపిల్ ముక్కలా తియ్యగా ఉండి భోజనం పాడుచేస్తుంది. అలాంటి ఉల్లిపాయల్లో ప్రసిద్ధమైంది విడేలియా రకం, జార్జియా రాష్ట్రంలో పండేది. 1931లో మోజ్ కోల్‌మన్ అనే రైతు ఉల్లి వేస్తే ఘాటు లేకుండా తియ్యగా పండింది. కారణం నేలలో ఉంది. ఉల్లిపాయ తన ఘాటుని గంధకంతో తయారుచేస్తుంది. నేలలోని సల్ఫేటుని పీల్చి, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలుగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. కత్తి పడగానే ఒక ఎంజైము వాటిమీద పడుతుంది, ఇంకో ఎంజైము అక్కణ్ణుంచి అందుకుని కళ్లు మండించే వాయువుని పుట్టిస్తుంది. ఆ రెండో ఎంజైముని జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించింది 2002లోనే. జార్జియాలో ఆ చుట్టుపక్కల నేల ఇసుక నేల, గంధకం తక్కువ. ముడిసరుకు లేదు కాబట్టి ఘాటూ లేదు. 1986లో ఆ రాష్ట్రం చట్టం చేసి, నిర్ణయించిన ప్రాంతంలో పండినదానికి తప్ప ఆ పేరు పెట్టకూడదంది. వాళ్లకి అది గర్వకారణం. మనకి మాత్రం ఎక్కువకాలం నిలవ ఉండే, గట్టి పొరలున్న చిన్న ఎర్ర ఉల్లిపాయే కావాలి. నిలవకి ఆగే ఉల్లికీ ఘాటు ఉల్లికీ సాధారణంగా తేడా ఉండదు.

అన్నం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బాపట్ల పరిశోధన స్థానం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, రైతుల భాషలో బీపీటీ 5204, మనలో ఎక్కువమంది నాలుకలకి ప్రమాణం. దాని పిండిపదార్థంలో అమైలోజ్ దాదాపు నాలుగోవంతు ఉంటుంది కాబట్టి మెతుకు విడివిడిగా ఉంటూనే మెత్తగా ఉంటుంది. కాలిఫోర్నియా కేల్‌రోజ్ బియ్యంలో అమైలోజ్ తక్కువ, అన్నం అంటుకుంటుంది. పచ్చడి కలిపితే ముద్ద ముద్దగానే మిగిలిపోతుంది.

అన్నం మాత్రం వేడిగా ఉండాలి, ఇది చాదస్తం కాదు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఏ ద్వారాన్ని తెరుస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. టీఆర్‌పీవీ1 అనే ఆ ప్రోటీను అసలు పని వేడిని పసిగట్టడం. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది దానంతటదే తెరుచుకుంటుంది. జూలియస్‌కి ఇందుకే 2021లో నోబెల్ వచ్చింది. మంటకీ కారానికీ తలుపు ఒకటే కాబట్టి పొగలు కక్కే అన్నంలో కలిపిన పచ్చడి మరింత కారంగా తగులుతుంది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకని నెయ్యి దాన్ని సర్దుతుంది. ఆఫీసులో చల్లారిన డబ్బా తెరిచి, అదే పచ్చడి రుచి తగ్గిందేమిటని అనుకునేవాళ్లకి సగం జవాబు ఇందులో ఉంది.

ఊరి నీళ్లు, ఊరి గాలి లేకపోతే పిండి పులవదన్న నమ్మకం ఇంకోటి ఉంది. ఇది తప్పు. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ముఖర్జీ, స్టైన్‌క్రాస్ తదితరులు 1965లో తేల్చారు. ఈ సూక్ష్మజీవి గాలిలోంచి ఊడిపడదు, మినప్పప్పుతోనే వస్తుంది. పప్పు ఎక్కడికి వెళ్తే అదీ అక్కడికే. దానికి కావలసిందల్లా పాతిక ముప్పై డిగ్రీల వెచ్చదనం. చలి దేశాల్లో పిండి గిన్నెని ఓవెన్‌లో పెట్టి, మంట కాదు, లోపలి బల్బు మాత్రం వేసి ఉంచే పద్ధతి సరైన శాస్త్రమే.

*

ఇక మెదడు. ముక్కు మూసుకుని ఒక ముద్ద గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకోండి. పులుపు, ఉప్పు, మంట తెలుస్తాయి. గోంగూర మాత్రం తెలియదు. ముక్కు వదలగానే వచ్చేస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం, నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వాటి జన్యువుల్ని కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకి 2004లో నోబెల్ వచ్చింది. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండానే భావోద్వేగాలకి కేంద్రమైన అమిగ్డలాకి చేరుతుంది, జ్ఞాపకాల్ని కూర్చే హిప్పోక్యాంపస్ కూడా ఆ పక్కనే.

2006లో స్వీడన్‌లో యోహాన్ విలాండర్, మరియా లార్సన్ వృద్ధులకి కొన్ని మాటలు చెప్పి, బొమ్మలు చూపించి, వాసనలు చూపించి, ఏం గుర్తొస్తున్నాయో అడిగారు. మాటలూ బొమ్మలూ పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ మధ్య జ్ఞాపకాల్ని ఎక్కువగా లేపాయి. వాసనలు పదేళ్లలోపు జ్ఞాపకాల్ని లేపాయి. ఇంకా వెనక్కి కూడా వెళ్లొచ్చు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన సంస్థలో జూలీ మెనెల్లా, సహచరులు గర్భవతులకీ బాలింతలకీ క్యారెట్ రసం ఇచ్చి చూశారు. తర్వాత ఆ పిల్లలు క్యారెట్ రుచి ఉన్న గంజిని ముఖం చిట్లించకుండా తిన్నారు. 2001లో అచ్చయిన ఫలితం ఇది. అమ్మ తిన్న వాసనలు ఉమ్మనీటిలోనూ పాలలోనూ బిడ్డకి అందుతాయి. డల్లాస్‌లో పుట్టిన పిల్లకి గోంగూర ఇష్టం కావాలంటే ముందుగా తినాల్సింది వాళ్లమ్మ. అలాగని ఆ పిల్లకి మెక్సికన్ టాకోలే ఊరి రుచి అయితే అందులో తప్పు వెతకక్కర్లేదు. వాళ్ల ఊరు అదే.

ఇలాంటి తిండి నిజంగా ఊరటనిస్తుందా? పరిశోధకులు ఏకాభిప్రాయంతో లేరు. 2011లో జోర్డన్ ట్రొయిసీ, షైరా గాబ్రియేల్, ఆప్తులతో గట్టి అనుబంధం ఉన్నవాళ్లకి ఇష్టమైన తిండి గురించి రాయడం కూడా ఒంటరితనాన్ని తగ్గిస్తోందని చూపించారు. 2014లో మినసోటా విశ్వవిద్యాలయంలో ట్రేసీ మాన్ బృందం దీనికి అడ్డం తిరిగింది. మనసు పాడయ్యేలాంటి సినిమా తునకలు చూపించి, కొందరికి వాళ్లు మెచ్చిన తిండి, కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మనసూ ఒకేలా తేరుకుంది. రెండూ నిజమే అయ్యుండొచ్చని నాకనిపిస్తుంది. సినిమా చూసి కలిగిన దిగులు వేరు, వేల మైళ్ల అవతల ఉన్న ఇల్లు గుర్తొచ్చి కలిగే దిగులు వేరు. ఆ రెండోది ప్రయోగశాలలో ఇప్పటికిప్పుడు పుట్టించేది కాదు.

ఆ దిగులు ఎంత బలమైందంటే, చదువుకున్నవాళ్లు కూడా విమానాశ్రయంలో చిన్న అబద్ధం ఆడటానికి వెనుకాడరు. సూట్‌కేసులో చీరల మడతల మధ్య కరివేపాకు ఉంటుంది. గోంగూరకి బర్మావాళ్లున్నారు. కరివేపాకుకి అలా ఎవరూ లేరు, ఎండబెడితే వాసన పోతుంది. 2015లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ స్టైన్‌హౌస్ ఆ వాసనకి ఆయువుపట్టు ఏదో పట్టుకున్నాడు. గంధకం ఉన్న 1-ఫినైల్‌ఈథేన్‌థయోల్ అనే పదార్థం అది. ఈ చెట్టు శాస్త్రీయ నామం బెర్జెరా కోనిగీ. లిన్నేయస్ తన శిష్యుడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ మీద పెట్టిన పేరు. దక్షిణ భారతదేశమంతా తిరిగి మొక్కలు సేకరించిన ఆ కోనిగ్ 1785లో చనిపోయింది మన కాకినాడ జగన్నాథపురంలోనే.

కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబంలోది. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే, మిల్లీమీటర్లలో కొలిచే పురుగు దాని చిగుళ్ల మీద గుడ్లు పెడుతుంది. కరివేపాకుకి పెద్దగా హాని చెయ్యదు. అదే పురుగు నారింజ చెట్టెక్కితే, తనతో మోసుకొచ్చే బ్యాక్టీరియా వల్ల కాయలు పచ్చగానే, చేదుగా ఉండిపోతాయి, చెట్టు కొన్నేళ్లలో చస్తుంది. మందు లేదు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. 2003-04లో ఆ రాష్ట్రంలో 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2022-23లో వచ్చింది 1.6 కోట్ల పెట్టెలు. తుఫానుల పాలూ అందులో ఉంది గాని, ప్రధాన దోషి ఈ తెగులే. అందుకే ఇండియా నుంచి తాజా కరివేపాకు అమెరికాకి తీసుకెళ్లడం నిషిద్ధం.

కాబట్టి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలకి ఒక విన్నపం. పచ్చడి సీసా తీసుకెళ్లండి, కారం తీసుకెళ్లండి, మినపగుళ్లు అక్కడే దొరుకుతాయి. కరివేపాకు రెబ్బ, మొక్క, గింజ మాత్రం పెట్టకండి. అనుమతి ఉన్న నర్సరీల్లో కుండీ మొక్క అక్కడే కొనుక్కోవచ్చు, చలికాలంలో కిటికీ పక్కన ఇంట్లో పెట్టుకుంటే ఏళ్లపాటు బతుకుతుంది. ఒకవేళ పెట్టెలో ఉండిపోతే కస్టమ్స్ వాళ్లు అడిగినప్పుడు ఉందని చెప్పెయ్యండి. చెప్పినవాళ్ల దగ్గర ఆకు తీసేసుకుని పంపేస్తారు, దాచినవాళ్లకే జరిమానా.